యాప్‌కి వెల కట్టడానికి మొహమాటం దేనికి?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈమధ్య మన విశాఖ గురించి పేపర్లో ఏ పేజీ తిప్పినా వేల కోట్ల లెక్కలే. గూగుల్ ఇక్కడ ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు పెడతానని 2025 అక్టోబరులో ప్రకటించినప్పటి నుంచి మరీను. మంచిదే, రావాలి. నేను రాస్తున్నది మాత్రం ఒక చిన్న యాప్‌కి నెలకి తీసుకునే 199 రూపాయల గురించి. ఇదే ఊళ్ళో అద్దె గదుల్లో, ఇంటి మేడ మీద, ఇద్దరో ముగ్గురో కలిసి చిన్న చిన్న యాప్‌లు చేసేవాళ్ళు బోలెడంత మంది ఉన్నారు. ట్యూషన్ ఫీజుల యాప్, టైలర్ కొలతల యాప్, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ యాప్, ఇలాంటివి. పని బాగానే చేస్తారు. తీరా అంతా అయ్యాక "దీనికి ఎంత తీసుకోవాలి" అన్న దగ్గర నోరు పెగలదు. ఆ ఒక్క దగ్గరే చాలా మంచి యాప్‌లు చచ్చిపోతున్నాయి, అందుకే ఈ ఉత్తరం.

నేను వాటర్ క్యాన్లు వేసేవాళ్ళ కోసం లెక్కల యాప్ చేసి అమ్ముతున్నాను. 20 లీటర్ల క్యాన్లు ఆటోలో వేసుకుని ఇంటింటికీ తిరుగుతారు చూడండి, వాళ్ళకి. రోజూ ఎవరింట్లో ఎన్ని వేశారు, ఎన్ని ఖాళీ క్యాన్లు వెనక్కి వచ్చాయి, ఎవరు ఊరెళ్ళారు, ఎవరి డిపాజిట్ ఎంత, నెలాఖరుకి ఎవరి దగ్గర ఎంత రావాలి, అంతే చూపిస్తుంది. గాజువాక, కంచరపాలెం, పెందుర్తి వైపు వాడుతున్నారు. అమ్మడానికి వెళ్ళినప్పుడు ముందు వినపడే మాట దాదాపు ప్రతిచోటా ఒకటే: "యాప్‌కి కూడా డబ్బులేటి బాబూ, ఫోన్లో అన్నీ ఊరికే వస్తాయి కదా!"

అలా అన్నందుకు వాళ్ళని తప్పుపట్టడానికి లేదు. 2016లో జియో వచ్చినప్పటి నుంచి డేటాకి లెక్క చూసుకోవడం మానేశాం. యూపీఐలో ఎవరికి డబ్బు పంపినా పైసా పట్టుకోరు. వాట్సాప్ మొదట్లో ఏడాదికి ఒక డాలరు అడిగేది, 2016 జనవరిలో అదీ ఎత్తేసింది. ఇన్ని ఊరికే దొరుకుతుంటే నీది ఒక్కటే ఎందుకు డబ్బులడుగుతోంది అనిపించడం సహజమే. నా కోపమంతా తయారుచేసే మనవాళ్ళ మీదే. ఆ ఒక్క మాటకి బెదిరిపోయి "సరే అన్నా, ఫ్రీగానే వాడుకో" అని చేతిలో పెట్టేసి వచ్చేస్తున్నారు. ముందు జనం అలవాటు పడనీ, తర్వాత తీసుకుందాం అని లోపల ఒక లెక్క. ఆ తర్వాత అన్న రోజు రావడం నేను చాలా తక్కువ చూశాను.

పైగా చాలామంది కుర్రాళ్ళకి తెలియని సంగతి ఒకటుంది. ప్లే స్టోర్‌లో ఒకసారి ఉచితం అని పెట్టిన యాప్‌ని మళ్ళీ డబ్బులిచ్చి కొనుక్కునే యాప్‌గా మార్చనివ్వరు. డబ్బులకి పెట్టినదాన్ని ఉచితం చెయ్యొచ్చు, అటు నుంచి ఇటు రావడం మాత్రం కుదరదు. కావాలంటే కొత్త ప్యాకేజీ పేరుతో, అంటే స్టోర్ యాప్‌ని గుర్తుపట్టే పేరు మార్చి, మళ్ళీ కొత్తగా పెట్టుకోవాలి, అప్పటిదాకా వచ్చిన డౌన్‌లోడ్లు, రేటింగులు ఏవీ దాంతో రావు. యాప్ లోపల సబ్‌స్క్రిప్షన్, అంటే నెలకో ఏడాదికో ఇంతని కట్టే పద్ధతి, పెట్టుకునే దారి ఉంది, కాదనను. కానీ నిన్నటిదాకా ఊరికే తెరుచుకున్న పేజీకి ఇవాళ తాళం కనపడితే వాడేవాళ్ళు ఊరుకుంటారా? ఒక్క స్టార్ ఇచ్చి "మోసం" అని రాసి పోతారు. వాళ్ళకి అది మోసంలాగే కనిపిస్తుంది, ఎందుకంటే ముందు ఎవరూ చెప్పలేదు.

"ప్రకటనలు వేసుకో" అంటారు కొందరు. ఈ విషయం మీకు నేను చెప్పక్కర్లేదు. మీ పేపరు అచ్చు వెయ్యడానికి అయ్యే ఖర్చు కన్నా తక్కువకే మా గుమ్మంలో పడుతుంది, మిగతా బరువు ప్రకటనలు మోస్తాయి, కాపీలు అన్ని వేలు, లక్షలు పోతాయి కాబట్టే అది నడుస్తుంది. కొన్ని వందల మంది వాడే క్యాన్ల లెక్కల యాప్‌లో ప్రకటన వేస్తే, ఆ లెక్కలన్నీ దాచి ఉంచే సర్వర్ కంప్యూటర్ ఖర్చు కూడా రాదు. పైగా తెల్లారి అయిదింటికి ఆటో పక్కన నిలబడి తడి చేత్తో ఎంట్రీ నొక్కే మనిషి వేలు ప్రకటన మీద పడి, ఇంకేదో ఆట డౌన్‌లోడ్ అవడం మొదలైతే, ఆ యాప్ ఆ పూటే తీసి పారేస్తాడు. పని చేసుకునే చోట ప్రకటన పెట్టకూడదని నా గట్టి నమ్మకం.

ఇక ఉచితం అన్నది ఎంతకాలం ఉంటుందన్నది కూడా చూడాలి. పెందుర్తి వైపు ఒక సప్లయర్ గారు ఒక కంపెనీ ఊరికే ఇచ్చిన యాప్‌లో ఏడాది పైగా లెక్కలన్నీ వేసుకున్నారు. పెట్టుబడి అయిపోయిందో ఏమో, ఆ కంపెనీ ఒకరోజు యాప్ ఆపేసింది. ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళు లేరు. ఎవరింట్లో ఎన్ని క్యాన్లు ఉన్నాయో, ఎవరి డిపాజిట్ ఎంతో ఏమీ లేదు ఆయన దగ్గర. ఇళ్ళవాళ్ళు చెప్పిన లెక్కే లెక్క. కొంతమంది నిజాయితీగా చెప్పారు, కొంతమంది చెప్పలేదు. నెలనెలా కొంత తీసుకునే చోట ఆ అడిగే హక్కయినా ఉంటుంది కదా, నా లెక్కలు నాకు ఎక్సెల్‌లో ఇవ్వు అని. ఊరికే వాడుకున్నప్పుడు ఎవర్ని పట్టుకుని అడుగుతాం? అప్పుల యాప్‌లు ఫోన్లో కాంటాక్టులన్నీ లాక్కుని చుట్టాలకి, స్నేహితులకి ఫోన్లు చేసి పరువు తీసిన సంగతి మన జనానికి తెలుసు. 2022 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంక్ రూల్స్ పెట్టి, అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్టుల జోలికి పోకూడదు అనేదాకా వచ్చింది. డబ్బు తీసుకోని యాప్ ఇంకేం తీసుకుంటోందో ఒకసారి చూసుకోమనే నేను ప్రతి సప్లయర్‌కీ చెబుతాను.

ఇంకో బేరం ఉంటుంది: "ఒకేసారి ఇంతని తీసుకుని ఇచ్చెయ్, నెలనెలా ఏంటి గొడవ?" ఇది వినడానికి న్యాయంగానే ఉంటుంది, కానీ యాప్ ఒకసారి చేసి వదిలేసే వస్తువు కాదు. ప్లే స్టోర్‌లో అకౌంట్‌కి ఒక్కసారి 25 డాలర్లు కడితే సరిపోతుంది, ఐఫోన్‌కి కూడా చెయ్యాలంటే ఆపిల్‌కి ఏటా 99 డాలర్లు కట్టాలి. ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా గూగుల్ పెట్టిన గడువులోగా దానికి తగ్గట్టు యాప్‌ని మార్చాలి, మార్చకపోతే కొత్త ఫోన్లు కొన్నవాళ్ళకి మన యాప్ స్టోర్‌లో కనపడదు. సర్వర్ అద్దె ప్రతి నెలా ఉంటుంది. ఓటీపీ ఎస్సెమ్మెస్‌లు ఒక్కోటి పైసల్లోనే ఉన్నా, వేలల్లో పోయినప్పుడు తెలుస్తుంది. వీటన్నిటి కన్నా పెద్ద ఖర్చు ఎవరూ లెక్కెయ్యనిది, ఫోన్లు ఎత్తడం. "బాబూ, నిన్న రెండు క్యాన్లు వేసి మూడు నొక్కేశాను, ఎలా తీసెయ్యాలి?" ఈ ఫోన్‌కి అరగంట ఓపిగ్గా సమాధానం చెప్పినవాళ్ళ యాపే నిలబడుతుంది. నెలకి 29 రూపాయలు పెట్టినవాళ్ళు అలాంటి ఫోన్ ఒక్కటి ఎత్తేసరికి ఆ కస్టమర్ మీద ఆ నెల వచ్చింది అయిపోతుంది. అప్పుడు ఫోన్ ఎత్తడం మానేస్తారు. తక్కువ రేటు పెట్టి కస్టమర్‌కి మేలు చేస్తున్నామనుకుంటాం గానీ, చివరికి అతనికి దక్కేది ఎవరూ ఎత్తని ఫోన్ నంబరు.

యాప్‌లో వచ్చే డబ్బులో స్టోర్లు తీసుకునే కమీషన్ సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే రేటు వేసుకునేటప్పుడు దీన్ని మర్చిపోయేవాళ్ళే ఎక్కువ. ఆపిల్ 2008లో స్టోర్ తెరిచినప్పుడు నూటికి 30 తీసుకునేది, గూగుల్‌దీ అదే దారి. 2021లో చిన్నవాళ్ళకి 15 చేశారు, ముందు ఆపిల్, ఆ తర్వాత జూలై నుంచి గూగుల్. అంటే ఏడాదికి పది లక్షల డాలర్ల లోపు రాబడి ఉన్న మనలాంటివాళ్ళకి వందలో 85 మిగులుతుంది, జీఎస్టీ పరిధిలో ఉంటే అది 18 శాతం వేరే. ప్లే స్టోర్ పేమెంట్ పద్ధతి మీదే 2022 అక్టోబరులో, వ్యాపారాల్లో పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే మన కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కి 936 కోట్ల జరిమానా వేసింది, ఆ గొడవ ట్రిబ్యునల్‌కి వెళ్ళి తర్వాత ఆ మొత్తం బాగా తగ్గింది. అది పెద్దవాళ్ళ పోరాటం. మనం తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది: చేత్తో పట్టుకునే సరుకు అమ్మితే ఆ కమీషన్ లేదు. ఫిషింగ్ హార్బర్ నుంచి చేపలు ఇంటికి తెచ్చే యాప్ పెడితే చేపల డబ్బులో స్టోర్‌కి వాటా ఉండదు, ఆ చేపలు ఎలా వండాలో వీడియో పాఠాలు అదే యాప్‌లో అమ్మితే ఉంటుంది. ఏది అమ్ముతున్నామో దాన్నిబట్టి లెక్క మొదటే మారిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి, ఎంత తీసుకోవాలి. యాప్ చెయ్యడానికి మనకెంత కష్టమయిందో దాన్నిబట్టి కట్టకూడదు, కొనేవాళ్ళకి దాంతో పనిలేదు. పక్కవాళ్ళు ఎంతకి ఇస్తున్నారో దాన్నిబట్టి కూడా కట్టకూడదు, వాళ్ళ వెనక ఎవరి డబ్బుందో మనకి తెలీదు. కొనే మనిషికి ఇప్పుడు ఎక్కడ పోతోందో అక్కడ నుంచి మొదలుపెట్టాలి. దీనికి నాకు తెలిసిన దారి ఒక్కటే, వాళ్ళ పక్కన కూర్చోవడం. నెలాఖరు రాత్రి చిట్టా పుస్తకం ముందేసుకుని లెక్క కట్టేటప్పుడు చూడాలి. రాయడం మర్చిపోయిన క్యాన్లు కొన్ని. "మేం ఆ వారం ఊళ్ళో లేం" అని ఇళ్ళవాళ్ళు అన్నప్పుడు చూపించడానికి ఆధారం లేక వదిలేసినవి కొన్ని. అన్నిటికన్నా నొప్పి ఖాళీ క్యాన్ల దగ్గర. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయిన బ్యాచిలర్లతో పాటు క్యాన్ కూడా వెళ్ళిపోతుంది, అందులో పోసే నీళ్ళ ధరకి ఎన్నో రెట్లు ఆ క్యాన్ ఖరీదు. ఇవన్నీ అతని నోటితోనే అతనే లెక్క వేస్తే, నెలకి వెయ్యో పదిహేనువందలో పోతోందని అతనికే తెలుస్తుంది. అప్పుడు 199 అన్నది ఖర్చులా వినపడదు. మధురవాడలో ఒకాయన అయితే "ఒక్క క్యాన్ దొరికినా ఈ నెల డబ్బు వచ్చేసినట్టే" అని తనే పక్కనున్నాయనకి చెప్పి కొనిపించారు.

"ఎంత అయితే కొంటారు?" అని మాత్రం ఎప్పుడూ అడగొద్దు. మర్యాదస్తులు మనల్ని సంతోషపెట్టడానికి ఒక అంకె చెబుతారు, బేరగాళ్ళు పూర్ణా మార్కెట్‌లో చెప్పినట్టు సగానికి సగం తగ్గించి చెబుతారు, రెండూ నిజం కాదు. మన రేటు మనం చెప్పి, "వచ్చే నెల నుంచి మొదలుపెడదామా?" అని అడగాలి. అప్పుడు మనిషి ఆగి ఆలోచించే తీరులోనే జవాబు ఉంటుంది. ఎవరూ కాదనకుండా అందరూ వెంటనే సరే అంటున్నారంటే రేటు తక్కువ పెట్టినట్టే. కొందరైనా గొణిగి, అయినా కట్టాలి.

దేన్ని కొలిచి తీసుకోవాలన్నది ఇంకా ముఖ్యం, దీని మీద ఎవరూ ఎక్కువ మాట్లాడరు. క్యాన్లు వేసే కుర్రాడికి ఒక్కొక్కరికి ఇంతని తీసుకుంటే, ముగ్గురు కుర్రాళ్ళూ ఒకే లాగిన్ వాడతారు, ఎవరు ఏది వేశారో తెలీకుండా పోతుంది, యాప్ ఉన్నందుకు ప్రయోజనమే పోతుంది. క్యాన్‌కి ఇన్ని పైసలని తీసుకుంటే నొక్కడం మానేస్తారు. ఇళ్ళ లెక్కన తీసుకుంటే వ్యాపారం పెరిగినప్పుడే మనకీ పెరుగుతుంది, దాచుకోవాల్సిన పని అతనికి ఉండదు. అందుకని నాది రెండు వందల ఇళ్ళ దాకా 199, ఆపైన 399. ట్యూషన్ యాప్ అయితే పిల్లల లెక్కన, టైలర్ యాప్ అయితే నెలకి ఇంతని ఒకే మొత్తంగా, ఎవరి పనిని బట్టి వాళ్ళు చూసుకోవాలి.

ట్రయల్, అంటే డబ్బు కట్టకుండా వాడి చూసుకునే గడువు, ఎన్ని రోజులు ఇవ్వాలన్నది కూడా ఇందులో భాగమే. అందరూ వారం అని పెడతారు, ఎవర్నో చూసి. క్యాన్ల వ్యాపారంలో వారంలో ఏం తెలుస్తుంది? రోజూ ఎంట్రీలు కొట్టే విసుగు ఒక్కటే తెలుస్తుంది. ఫలితం కనపడేది నెలాఖరున బిల్లులు వాట్సాప్‌లో వెళ్ళిపోయి, మూడు రోజుల పని ఒక గంటలో అయినప్పుడు. కాబట్టి ట్రయల్‌లో ఒక నెలాఖరు పూర్తిగా పడాల్సిందే. ఏ యాప్ అయినా దాని వల్ల మేలు కనపడే రోజు దాటేదాకా చేతిలో ఉంచి, అప్పుడు డబ్బు అడగాలి.

రేటు అందరికీ ఒకటే ఉండాలి. మొహమాటానికి ఒకాయనకి తగ్గిస్తే, పొద్దున్నే ప్లాంటు దగ్గర క్యాన్లు నింపించుకోవడానికి అందరూ ఒకచోటే నిలబడతారు, రెండో రోజుకి ఊరంతా తెలుస్తుంది, పూర్తి రేటు కట్టినాయన మొహం మనం చూడలేం. తగ్గించాలనుంటే ఏడాదికి ఒకేసారి కట్టినవాళ్ళకి తగ్గించండి, అది అందరికీ చెప్పుకోగలిగిన కారణం. పెంచాల్సి వస్తే కొత్తవాళ్ళకి పెంచి, పాతవాళ్ళని పాత రేటులోనే ఉంచే వెసులుబాటు స్టోర్‌లోనే ఉంది, దాన్ని వాడుకోండి.

డాలర్లలో ఉన్న రేటుని ఎనభైతోనో తొంభైతోనో గుణించి ఇక్కడ పెట్టడం కూడా పనికిరాదు. నెట్‌ఫ్లిక్స్ అంతటిది కూడా 2021 డిసెంబరులో ఇక్కడ మొబైల్ ప్లాన్‌ని 199 నుంచి 149కి దింపాల్సి వచ్చింది. గూగుల్ 2015లో మన దేశంలో యాప్‌కి కనీస ధరని 50 నుంచి 10 రూపాయలకి తగ్గించింది. అటు చివర చూస్తే 2008లో ఐఫోన్‌లో ఎర్ర రాయి బొమ్మ చూపించడం తప్ప ఇంకేమీ చెయ్యని యాప్ ఒకటి దాదాపు వెయ్యి డాలర్లకి పెడితే, ఆపిల్ తీసేసేలోపు ఎనిమిది మంది కొన్నారు. కొనేవాళ్ళకి అందులో ఏం కనిపిస్తోందన్నదాన్ని బట్టే వెల. 200కి బదులు 199 అనడం గురించి తెగ చర్చిస్తారు గానీ, నా అనుభవంలో వ్యాపారం చేసుకునేవాళ్ళకి ఆ రూపాయి ఒక లెక్క కాదు.

మన దగ్గర జనం భయపడేది అసలు రేటుకి కాదు, చెప్పకుండా అకౌంట్లోంచి కట్ అయిపోతుందని. ఆ భయం ఊరికే వచ్చింది కాదు, చాలామందికి అలా పోయింది. అందుకే 2021 అక్టోబరు నుంచి ఆటో డెబిట్‌కి కనీసం 24 గంటల ముందు కస్టమర్‌కి మెసేజ్ వెళ్ళాలని రిజర్వ్ బ్యాంక్ రూల్ అమల్లోకి తెచ్చింది. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకాల మాయ పద్ధతుల్ని నిషేధించింది, సబ్‌స్క్రిప్షన్‌లో ఇరికించి బయటికి రానివ్వకపోవడం అందులో ఒకటి. యాప్ చేసేవాళ్ళకి నేను చేతులు జోడించి చెప్పేదేమిటంటే, మానెయ్యడానికి బటన్ మొదటి పేజీలోనే పెట్టండి. నా యాప్‌లో అలాగే ఉంది. వేసవి అయిపోయాక వానల్లో క్యాన్లు తగ్గినప్పుడు కొందరు ఆపుతారు, మళ్ళీ ఫిబ్రవరి, మార్చిలో వాళ్ళే వస్తారు, ఎందుకంటే వెళ్ళేటప్పుడు ఎవరూ అడ్డుపడలేదు.

చివరగా మీకొక విన్నపం. మీ పేపర్లో వారం వారం కొత్త యాప్‌ల గురించి రాస్తారు కదా, ఏం చేస్తుందో, ఎలా డౌన్‌లోడ్ చేసుకోవాలో ఉంటుంది. దాంతోపాటు నెలకి ఎంత, ట్రయల్ అయ్యాక ఎంత, ఎలా మానెయ్యాలి, మన లెక్కలు మనకి తిరిగిస్తారా అన్నవి కూడా రెండు లైన్లు వెయ్యండి. ఉచితం అయితే దానికి డబ్బు ఎక్కడ నుంచి వస్తోందో తయారుచేసినవాళ్ళని అడిగి రాయండి. రుషికొండ, మధురవాడ వైపు చిన్న కంపెనీలు పెట్టుకున్న కుర్రాళ్ళని పిలిచి వాళ్ళు రేటు ఎలా కట్టారో, ఎంత ఖర్చవుతోందో ఒక పేజీ వేసినా సంతోషమే. ఎవరూ ముందుకు రాకపోతే నా యాప్ లెక్కలు, సర్వర్ బిల్లుతో సహా, మీ విలేఖరికి చూపించడానికి నేను సిద్ధం.

ఇట్లు,
ఒక యాప్ తయారీదారు,
అక్కయ్యపాలెం, విశాఖపట్నం.